మెటాలికా బ్లాక్ ఆల్బమ్ రివ్యూ: నిజంగానే అమ్ముడుపోయారా?

మెటల్ వినే నలుగురు కూర్చున్నచోట గొడవ రాజెయ్యాలంటే "బ్లాక్ ఆల్బమ్‌తో మెటాలికా అమ్ముడుపోయింది" అని ఊరుకోండి, చాలు. అంటే డబ్బు కోసం తమ సంగీతాన్ని మార్చేసుకుందని అభియోగం. మిగతాది వాళ్లే చూసుకుంటారు. అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా నుంచి 1991 ఆగస్టు 12న వచ్చిన ఆల్బమ్ ఇది. అసలు పేరు 'మెటాలికా'నే, నల్లటి అట్ట వల్ల బ్లాక్ ఆల్బమ్ అయింది. ముప్పై ఏళ్లు దాటినా పంచాయితీ తెగలేదు. ఇవాళ ఆ ఆల్బమ్‌నే రివ్యూ చేద్దాం. పాటలు బాగున్నాయా లేదా అన్నదానితో ఆగకుండా, ఆ అభియోగంలో ఎంత నిజముందో పాటల లోపలికి వెళ్లి చూద్దాం. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో అయితే నేను చెప్పేవాటిలో సగం, ముఖ్యంగా బేస్ (కింది స్వరాలు పలికే గిటార్), వినపడనే వినపడదు.

(తెర మీద: వరసగా అయిదు ఆల్బమ్‌ల అట్టలు)

కొత్తవాళ్ల కోసం కాస్త నేపథ్యం. 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన బ్యాండ్. 1983లో 'కిల్ ఎమ్ ఆల్', 1984లో 'రైడ్ ద లైట్నింగ్', 1986లో 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. అదే ఏడాది సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆయన స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'. తర్వాత మన నల్ల అట్ట.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటి ఉంది. "అమ్ముడుపోయారు" అన్న మాట 1991లో పుట్టలేదు. 1984లోనే 'ఫేడ్ టు బ్లాక్' పాటలో అకౌస్టిక్ గిటార్ వినపడగానే అన్నారు. 1989లో 'వన్' పాటకి మొదటిసారి వీడియో తీస్తే, అప్పటిదాకా వీడియోలు చెయ్యకపోవడాన్నే గొప్పగా చెప్పుకున్న అభిమానులు మళ్లీ అన్నారు. ఆ 'వన్' అమెరికా సింగిల్స్ చార్టులో 35వ స్థానం దాకా వెళ్లింది, 'జస్టిస్' ఆల్బమ్ 6వ స్థానం దాకా. అంటే రాత్రికి రాత్రి మార్కెట్‌కి లొంగిపోయిన కథ కాదిది. డబ్బు అప్పటికే రావడం మొదలైంది.

మరి 1991లో ఏం మారింది? మొదటిది, ప్రొడ్యూసర్. అంతకుముందు మూడు ఆల్బమ్‌లకీ పనిచేసిన ఫ్లెమింగ్ రాస్ముసెన్‌ని పక్కన పెట్టి బాబ్ రాక్‌ని తెచ్చుకున్నారు. బాబ్ రాక్ అంటే 1989లో మోట్లీ క్రూ 'డాక్టర్ ఫీల్‌గుడ్' చేసిన మనిషి. జుట్టుకి స్ప్రే కొట్టుకునే బ్యాండ్‌ల ప్రొడ్యూసర్ దగ్గరికి మెటాలికా వెళ్లడమేంటని అభిమానులకి మండింది. మండటంలో అర్థముంది. కానీ ఆయన స్టూడియోలో చేసిన పని ఏమిటో చూస్తే లెక్క మారుతుంది.

(తెర మీద: 'జస్టిస్', బ్లాక్ ఆల్బమ్ అట్టలు పక్కపక్కన)

ఒక పరీక్ష చెయ్యండి. 'జస్టిస్' నుంచి 'బ్లాకెన్డ్' పెట్టి బేస్ గిటార్ ఎక్కడుందో వెతకండి. దొరకదు. నిజంగానే దొరకదు. కారణాలు రెండు. న్యూస్టెడ్ చాలాచోట్ల గిటార్ వాయించే గీతనే అచ్చంగా వాయించాడు. గిటార్ టోన్‌లోనేమో మధ్య ఫ్రీక్వెన్సీలు తగ్గించి కింది భాగం, పై భాగం పెంచేశారు. దాంతో కింద బేస్ ఉండాల్సిన జాగా గిటార్ ఆక్రమించేసింది. దానికి తోడు మిక్సింగ్‌లో బేస్ ఇంకా తగ్గించారు. తగ్గించమన్నది డ్రమ్మర్ లార్స్ ఉల్రికేనని ఆ ఆల్బమ్ మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత రోజుల్లో చెప్పాడు.

ఇప్పుడు వెంటనే 'శాడ్ బట్ ట్రూ' పెట్టండి. మొదటి దెబ్బకే నేల అదిరినట్టుంటుంది. వాల్యూమ్ పెంచడం వల్ల వచ్చిన తేడా కాదది. బాబ్ రాక్ బేస్‌ని గిటార్ వెనక నుంచి లాగి డ్రమ్స్ పక్కన నిలబెట్టాడు. కిక్ డ్రమ్ ఎక్కడ పడితే బేస్ అక్కడ పడుతుంది. ఇంకోటి, బ్యాండ్ తెచ్చిన పాటలన్నీ 'E' స్కేల్‌లోనే ఉన్నాయని గమనించి ఎందుకని అడిగాడు. గిటార్‌లో అన్నిటికన్నా కింద దొరికే స్వరం అదే కదా అన్నారు. అయితే తీగలు ఇంకా కిందికి దించొచ్చు కదా అన్నాడాయన. 'శాడ్ బట్ ట్రూ'కి మొత్తం గిటార్ ఒక పూర్తి స్వరం దించి, డీ ట్యూనింగ్‌లో రికార్డ్ చేశారు.

గిటార్ ఉన్నవాళ్లకి ఇక్కడ చిన్న హెచ్చరిక. ఈ పాట కోసం ఆరు తీగల్నీ డీ, జీ, సీ, ఎఫ్, ఏ, డీకి దించుతారు కదా. మామూలు 9-42 సెట్‌తో (సన్నటి తీగలతో) చేస్తే తీగలు వదులైపోయి ఫ్రెట్లకి కొట్టుకుని జర్రుమంటాయి. దానికన్నా చిరాకు, గట్టిగా కొట్టినప్పుడు మొదటి క్షణం శ్రుతి పైకి పోయి తర్వాత కిందికి దిగుతుంది. ఎంత ట్యూన్ చేసినా తేడాగా ఉందేంటని బుర్ర బద్దలుకొట్టుకునేది ఇందుకే. 10-52 లేదా 11 సైజు సెట్ వెయ్యండి, పిక్‌తో కొట్టే బలం కాస్త తగ్గించండి. సెట్ మార్చాక ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా ఉందో లేదో, మళ్లీ సరిచూసుకోవాలి.

రెండో అభియోగం, పాటలు చిన్నవైపోయాయి, నెమ్మదించాయి అని. ఇది నిజమే, అంకెలే చెబుతాయి. 'జస్టిస్'లో 9 పాటలు, 65 నిమిషాలు. బ్లాక్ ఆల్బమ్‌లో 12 పాటలు, సుమారు 62 నిమిషాలు. 'జస్టిస్' టైటిల్ పాట ఒక్కటే 9 నిమిషాల 47 సెకన్లు. వేగం చూడండి. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాట నిమిషానికి సుమారు 212 బీట్లు, 'ఎంటర్ శాండ్‌మన్' సుమారు 123. 'మాస్టర్' రిఫ్‌లో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలో) గాయకుడు, రిదమ్ గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ పిక్‌ని పైనుంచి కిందికే కొడతాడు, సెకనుకి ఏడు దెబ్బల దాకా. అది మణికట్టుకి శిక్ష. 'శాండ్‌మన్' వేగంలో అదే లెక్క వేస్తే సెకనుకి నాలుగు. గిటార్ నేర్చుకుంటున్న కుర్రాడు వారంలో పట్టేస్తాడు.

కానీ ఎందుకు నెమ్మదించారు? 'జస్టిస్' టూర్‌లో ఆ పది నిమిషాల పాట వాయిస్తుంటే ముందు వరసలో జనం ఆవలిస్తున్నారని లీడ్ గిటారిస్టు కర్క్ హామెట్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. జనానికి కావాల్సింది ఇచ్చారు కదా, అదే అమ్ముడుపోవడం కదా అని మీరనొచ్చు. నా లెక్క వేరు. వేగం తగ్గినంత మాత్రాన పని తగ్గలేదు, పని వేరే చోటికి మారింది.

(తెర మీద: 'ఎంటర్ శాండ్‌మన్' రిఫ్, రెండు ముక్కలు రెండు రంగుల్లో)

'శాండ్‌మన్' రిఫ్ కర్క్ హామెట్‌ది. దాంట్లో రెండు ముక్కలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన మెలిక, రెండోది దాన్ని ముగించే బరువైన తోక. మొదట్లో ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. లార్స్ ఏమన్నాడంటే, మొదటి ముక్క మూడుసార్లు వాయించు, తోక నాలుగోసారికి తగిలించు. అంతే! ఆ ఒక్క మార్పుతో రిఫ్ జనం నోట్లో పడింది. మూడుసార్లు ఊరించి నాలుగోసారి దించడం. వినేవాడి చెవి ఆ తోక కోసం కాచుకుని కూర్చుంటుంది. పాట మొదలయ్యాక ఆ రిఫ్ పూర్తి బలంతో పడటానికి దాదాపు నిమిషం తీసుకుంటారు. క్లీన్ గిటార్, తర్వాత డ్రమ్స్, తర్వాత గిటార్లు ఒక్కొక్కటిగా ఎక్కుతాయి. రేడియో కోసమే చేసినవాడు నిమిషం సేపు అసలు సంగతి దాచిపెట్టడు.

డ్రమ్స్ ముచ్చట కూడా వినండి. ఈ పాటకి లార్స్ సుమారు 50 టేకులు (రికార్డింగ్ ప్రయత్నాలు) వాయించాడు. పాట మొత్తం ఒకేసారి కాదు, ముక్కలు ముక్కలుగా. ప్రతి ముక్కలో ఎక్కువ ఊపు ఉన్న టేకు ఏరుకుని అతికించారు. దాని మీద హెట్‌ఫీల్డ్ ఒకే రిదమ్‌ని మూడుసార్లు రికార్డ్ చేసి పేర్చాడు. ఇంట్లో రికార్డ్ చేసేవాళ్లు పొరపాటుపడేది ఇక్కడే. ఒక టేకుని కాపీ చేసి మూడు ట్రాకుల్లో పెడతారు. అలా చేస్తే శబ్దం పెరుగుతుంది తప్ప గోడలా నిలబడదు. మూడుసార్లూ విడిగా వాయించాలి. ఆ వెంట్రుకవాసి తేడాల్లోంచే మందం వస్తుంది. అయితే తేడా వెంట్రుకవాసి దాటితే మాత్రం బురదే.

ఉత్తర హాలీవుడ్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో 1990 అక్టోబరు నుంచి 1991 జూన్ దాకా సాగింది ఈ పని. ఖర్చు దాదాపు 10 లక్షల డాలర్లు. మిక్స్ మూడుసార్లు మార్చారు. అంతకుముందు ఎవరి భాగం వాళ్లు విడిగా రికార్డ్ చేసుకునే బ్యాండ్‌ని నలుగురూ ఒకే గదిలో కలిసి వాయించమన్నాడు బాబ్ రాక్. రోజూ తగాదాలే. ఇక వీళ్లతో జన్మలో పనిచెయ్యనన్నాడాయన. (చేశాడనుకోండి, ఇంకో పన్నెండేళ్లు.)

అభిమానుల వాదనకి గండి కొట్టే సంగతి ఇంకోటి. మొదటి సింగిల్‌గా, అంటే ఆల్బమ్ నుంచి ముందుగా విడిగా విడుదల చేసే పాటగా, బాబ్ రాక్ కోరుకున్నది 'హోలియర్ దన్ దౌ'. ఆల్బమ్‌లోని వేగమైన పాటల్లో అదొకటి. 'శాండ్‌మన్' అని పట్టుబట్టింది లార్స్. చెడగొట్టాడని అందరూ తిట్టే బయటి మనిషేమో థ్రాష్ (వేగమైన, కరకు మెటల్) వైపు నిలబడ్డాడు, సొంత మనిషేమో హిట్ వైపు నిలబడ్డాడు.

ఇక ప్రేమపాట. 'నథింగ్ ఎల్స్ మేటర్స్'. తెలుగు ఇళ్లల్లో గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి నెలలోనే మొదలుపెట్టే పాట, చాలామంది అక్కడే ఆపేసే పాట. మొదటి బార్లు ఎడమ చెయ్యి లేకుండా వాయించొచ్చు. ఆరో తీగ బొటనవేలితో, మూడోది చూపుడువేలితో, రెండోది మధ్యవేలితో, ఒకటోది ఉంగరపు వేలితో, మళ్లీ వెనక్కి రెండు, మూడు. 6/8 తాళం. హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ ఇంకో చేత్తో తీగలు మీటుతుంటే పుట్టిందట. తేలికే కదా అని తొందరపడితే ఆరో తీగ మోత మధ్యలో తెగిపోతుంది. ఆ తీగ మోగుతూ ఉండాలి, మిగతావి దాని మీద తేలాలి. ఆర్కెస్ట్రా రాసింది మైకేల్ కేమెన్. మిక్స్‌లో వయొలిన్లు చాలా వెనక్కి వెళ్లాయి, మొదటిసారి వింటే ఉన్నట్టే తెలియదు. అమ్మకాలకోసమే అయితే వాటిని ముందుకి తెచ్చేవాళ్లు.

'ద అన్‌ఫర్‌గివెన్' ఇంకా తెలివైన పని. అప్పటి మెటల్ బ్యాండ్‌ల నెమ్మది పాటలన్నీ ఒకే మూస, చరణం మెత్తగా, పల్లవి గట్టిగా. ఇక్కడ తిరగేశారు. చరణం గట్టిగా వస్తుంది, పల్లవి మెత్తబడుతుంది. 'వేరెవర్ ఐ మే రోమ్' మొదట్లో వినపడేది ఎలక్ట్రిక్ సితార్.

ఇంతదాకా వకాల్తా పుచ్చుకున్నాను. ఇప్పుడు ఎదుటి పక్షానిది. మొదటి అయిదు పాటలు దాటాక ఆల్బమ్ బలహీనపడుతుంది. 'డోంట్ ట్రెడ్ ఆన్ మీ', 'ద స్ట్రగుల్ విదిన్' రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రిఫ్, చరణం, పల్లవి, సోలో, అయిపోయింది. బ్యాండ్‌కీ తెలుసు. 2012లో ఆల్బమ్ మొత్తం వాయించే టూర్ పెట్టుకునేదాకా ఈ రెంటినీ స్టేజీ మీద ఒక్కసారి కూడా వాయించలేదు. పాట మధ్యలో దారి మారి ఎక్కడికో వెళ్లి తిరిగొచ్చే పాత మెటాలికా సాహసం ఈ భాగంలో లేదు. 'మై ఫ్రెండ్ ఆఫ్ మిజరీ' ఒక్కటి మినహాయింపు. న్యూస్టెడ్ బేస్‌తో మొదలవుతుంది, మొదట మాటల్లేని పాటగా అనుకున్నది. అలాగే ఉంచేస్తే బాగుండేది.

ఫలితం తెలిసిందే. వచ్చిన వారమే అమెరికాలో మొదటి స్థానం, నాలుగు వారాలు అక్కడే. ఆ ఒక్క దేశంలోనే 1.6 కోట్ల కాపీలు దాటింది. మరుసటి ఏడాది మరో థ్రాష్ బ్యాండ్ మెగాడెత్ కూడా పాటలు కుదించి 'కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టింక్షన్' తెచ్చి రెండో స్థానానికి వెళ్లింది. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వీళ్లు వాయించినప్పుడు మన తెలుగు కుర్రాళ్లు కూడా గొంతు పోయేలా పాడింది ఈ నల్ల అట్ట పాటలే.

1996లో 'లోడ్' కోసం జుట్టు కత్తిరించుకున్నారు కదా, అసలు అమ్ముడుపోయింది అప్పుడే అనేవాళ్లున్నారు. నాకది తలకిందుల వాదన. కోట్లు తెచ్చిన సూత్రం చేతిలో ఉండగా, దాన్ని వదిలేసి బ్లూస్ వైపు తిరిగి, సీడీ నిండా 79 నిమిషాలు పోసిన ఆల్బమ్ అది. వ్యాపారం తెలిసినవాడు చేసే పని కాదు. 2000లో పాటలు ఉచితంగా పంచుకునే ఇంటర్నెట్ సేవ నాప్‌స్టర్ మీద కేసు వేసి, 3 లక్షలకు పైగా వాడుకరుల పేర్లు అందజేసినప్పుడు అభిమానుల మనసు విరిగింది. అది న్యాయమైన కోపమే. కాకపోతే అది డబ్బు గొడవ, దానికీ ఈ ఆల్బమ్‌లోని సంగీతానికీ ముడిపెట్టొద్దు.

నా మార్కులు 10కి 8. మొదటి అయిదు పాటలకైతే 9.5.

ఎలా వినాలంటే, ముందు 'బ్లాకెన్డ్', వెంటనే 'శాడ్ బట్ ట్రూ', ఆ తర్వాత ఆల్బమ్ మొదటి నుంచి. ఇంకా అనుమానం మిగిలితే 2021లో వచ్చిన రీమాస్టర్ బాక్స్ సెట్‌లోని డెమోలు వెతకండి. స్టూడియోలోకి అడుగుపెట్టకముందే, 1990 వేసవిలో చేసిన 'శాండ్‌మన్' డెమో ఉంది అందులో. మాటలు ఇంకా రాలేదు, ఈ ఆల్బమ్‌కి మొదట కట్టిన పాట ఇదైనా మాటలు చివర్న పడ్డాయి. కానీ రిఫ్ అప్పటికే అదే, వేగమూ అంతే.