శ్రీకాకుళం నుంచి సీతంపేట సంత ట్రిప్, వెళ్తే సోమవారమే వెళ్ళండి

హాయ్ అండి అందరికీ, ఈసారి సీతంపేట. శ్రీకాకుళంలో పొద్దున్నే బయల్దేరి పాలకొండ మీదుగా వెళ్తే సంత చూసుకొని చీకటి పడకముందే ఇంటికొచ్చేయొచ్చు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు పార్వతీపురం మన్యంలో కలిసిపోయింది గానీ మనకి ఇప్పటికీ మన ఏజెన్సీయే కదా.

చాలామంది ఆదివారం ఆడలి వ్యూ పాయింట్‌కి వెళ్ళి ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు. వ్యూ బాగుంటాది, వర్షాకాలంలో మబ్బులు కిందికి దిగిపోతాయి, కాదనను. కానీ అసలు చూడాల్సింది సోమవారం సంతండి.

కొండ మీది ఊళ్ళ నుంచి సవర గిరిజనులు పొద్దున్నే దిగిపోతారు, మగాళ్ళు కావిళ్ళతో, ఆడవాళ్ళు నెత్తి మీద గంపలతో, ఆటోల్లో వచ్చేవాళ్ళూ ఉంటారు, ఇక సీజన్ బట్టి పసుపు, చింతపండు, కొండచీపుర్లు, పనసకాయలు, అల్లం అన్నీ నేల మీదే రాసులు పోసేస్తారు. చుట్టూ సవర భాషే వినిపిస్తాది, ఆ భాష కోసం మన గిడుగు రామమూర్తి గారు ఎన్నో ఏళ్ళు కష్టపడి 1931లో వ్యాకరణం తెచ్చారు, మన జిల్లా పర్వతాలపేటలో పుట్టిన మనిషండి ఆయన.

జూన్, జులైలో వెళ్తే అనాస పళ్ళు. ఇవి చిన్నగానే ఉంటాయి గానీ ఆ వాసన వేరే. ఎలా ఏరుకోవాలంటే, పండు తిరగేసి అడుగున వాసన చూడండి, తియ్యగా కొట్టాలి, కింద నుంచి తొక్క మీది కళ్ళు పసుపు తిరిగుండాలి, మరీ మెత్తగా నొక్కుకుపోతే వద్దు. పసుపు కొమ్మైతే ఒకటి విరిచి చూడండి, టక్‌మని విరగాలి, లోపల ముదురు రంగుండాలి.

ఇక్కడ నాకు బాగా బాధనిపించింది ఒకటి చెప్పాలి. ఒకాయన కారు దిగి గంప దగ్గరకొచ్చి "ఏటమ్మా, ఇంతకే ఇంకో రెండెయ్యి" అని పట్టుపట్టాడు, ఆవిడ ఇంకేం మాట్లాడకుండా రెండూ వేసేసింది. ఆ గంప కొండ దిగి వచ్చిందండి, సాయంత్రం అమ్ముడుపోకపోతే మళ్ళీ మొయ్యలేక దళారీ ఎంతంటే అంతకి ఇచ్చేయాలి. పండించినవాళ్ళ దగ్గర దయచేసి బేరమాడకండి, సిటీ షాపులో ఎమ్మార్పీ మాట్లాడకుండా కట్టేస్తాం కదా.

చిల్లర నోట్లు పట్టుకెళ్ళండి, అందరి దగ్గరా ఫోన్‌పే ఉండదు. గుడ్డ సంచులు కూడా. ఫొటో తియ్యాలంటే ముందు అడగండి, వద్దంటే వదిలేయండి. మధ్యాహ్నానికి సంత పలచబడిపోతాది, అప్పుడు మెట్టుగూడ జలపాతానికి వెళ్ళొచ్చు, ఆ రాళ్ళు మాత్రం బాగా జారుతాయి, పిల్లల చెయ్యి వదలకండి. ఆ చుట్టుపక్కల 2007 నుంచి ఏనుగుల భయం ఉంది, అందుకే అడవి దారుల్లోకి వెళ్ళేముందు ఊళ్ళోవాళ్ళని అడిగి, ఎండ ఉండగానే పాలకొండ రోడ్డెక్కేయండి.