చదరపు సెంటీమీటరు లేసుకు ఏడు గంటలు

తిరుమలలో మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడి ఉంటారు. క్యూలో వెనకవాళ్లు తోస్తుంటే చూసే తీరిక ఉండదనుకోండి. ఈసారి మాత్రం రాయలవారి పొడవాటి కుళ్లాయి గమనించండి. విజయనగరంలో దర్జా అంటే అదీ. అదే 16వ శతాబ్దంలో యూరప్ దొరల దర్జా మెడకీ ముంజేతికీ చేరింది, లేసు రూపంలో.

మన తిరుపతి గాంధీ రోడ్డులో మీటరు లెక్కన కోసిచ్చే లేసు కాదండీ అది. వెనిస్‌లో ఉత్త సూదీ దారంతో గాల్లో పువ్వులు కుట్టినట్టు అల్లేవాళ్లు. ఫ్లాండర్స్‌లో (ఇప్పటి బెల్జియం వైపు) దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న చిన్న చెక్క కండెలను అటూ ఇటూ దాటిస్తూ అల్లేవాళ్లు. ఫ్రాన్సులో అలాన్సోన్ అనే ఊరుంది. అక్కడి సూది లేసు ఒక్క చదరపు సెంటీమీటరు రావాలంటే ఏడు గంటలు పడుతుందని యునెస్కో చెబుతోంది. ఒకసారి మీ చూపుడువేలి గోరు చూసుకోండి. దాదాపు అంతే, దానికి ఒక రోజు కూలి. ఇక కాలరు మొత్తానికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి!

మగవాళ్లు కూడా ఏం తక్కువ తినలేదు, మోకాళ్ల దాకా లేసులే. డబ్బంతా వెనిస్‌కు పోతోందని 14వ లూయీ మంత్రి కోల్బేర్ 1665లో ఫ్రాన్సులోనే లేసు పరిశ్రమ పెట్టించి, వెనిస్ పనివాళ్లను రప్పించాడు. ఇంగ్లండు 1662లో విదేశీ లేసును నిషేధించింది. ఇంకేముంది, దొంగరవాణా!

తర్వాత 1809లో ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ లేసు అల్లే యంత్రం వచ్చింది. కడుపు మండినవాళ్లు 1816లో అతని ఫ్యాక్టరీలో 55 యంత్రాలు పగలగొట్టారు. అయినా లేసు చవకైపోయింది. అప్పుడు గొప్పోళ్లు ఏం చేశారు? చేత్తో అల్లిందేనా అని అడగడం మొదలుపెట్టారు. విక్టోరియా రాణి 1840లో పెళ్లికి వేసుకున్నది ఇంగ్లండులోని హానిటన్ ఊరి పేరున్న చేతిలేసే.

ఈ ప్రశ్న మనకు కొత్తేం కాదు. తిరుపతిలో ఏ పెళ్లికైనా వెళ్లండి, జాకెట్టు చూడగానే ‘మగ్గం వర్కా, కంప్యూటర్ వర్కా?’ అంటారు. అడిగేది డిజైన్ గురించి కాదు, ఎంత పెట్టారని. సమాధానం నమ్మకపోతే జాకెట్టు చెయ్యి మడిచి లోపలివైపు చూసే పెద్దమ్మలు కూడా ఉంటారు. కంప్యూటర్ కుట్టయితే అక్కడ తెల్ల దారం బయటపడిపోతుంది మరి!