వెనకవైపు తిప్పి చూడండి

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు నెలాఖరు నుంచి సంక్రాంతి దాకా బట్టల కొట్లో, మందుల షాపులో, ఎల్‌ఐసీ ఏజెంటు దగ్గర ఊరికే దొరికే వస్తువు జేబు క్యాలెండరు. ఒకవైపు వెంకటేశ్వరస్వామో లక్ష్మీదేవో, రెండోవైపు పన్నెండు నెలలు. ఏడాది తిరిగితే దాని పని అయిపోయింది. అయితే పని అయిపోయాకే దాన్ని దాచుకునేవాళ్లు ఉన్నారు. సోవియట్ యూనియన్‌లో ఇది పిల్లలకీ పెద్దలకీ పెద్ద సరదా. అక్కడి విమాన సంస్థ ఏరోఫ్లోట్, ప్రభుత్వ బీమా సంస్థ, పొదుపు బ్యాంకు ఇలాంటి కార్డులు వేసేవి. చాలా కార్డుల మీద ఎవరు అచ్చువేశారు, ఎన్ని కాపీలు, వెల ఎన్ని కోపెక్కులు (అక్కడి పైసలు) అని సన్నక్షరాల్లో ఉండేది. జాబితా రాసేవాడికి సగం పని అక్కడే అయిపోతుంది. మన కార్డులకు ఆ భాగ్యం లేదు. కొట్టు పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, అంతే. అందుకే మన కార్డుల జాబితాలో మనమే కాస్త డిటెక్టివ్ పని చెయ్యాలి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు బొమ్మలు చూసి సర్దుతారు. దేవుళ్లు ఒకచోట, తారలు ఒకచోట. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ శివకాశిలో బొమ్మ ముందే వేలల్లో అచ్చవుతుంది. కొట్టు పేరు కోసం కొంత జాగా ఖాళీగా వదులుతారు. ఆ ఖాళీలో పేరు కొట్టించేది తర్వాత, ఒక్క రంగులో. అందుకే తెనాలి నూనెకొట్టు కార్డు మీదా, కరీంనగర్ నగల దుకాణం కార్డు మీదా అదే లక్ష్మి, అదే చీర, అదే ఏనుగులు. బొమ్మను బట్టి సర్దితే ఈ రెండూ ఒకటే అనుకుని ఒకటి పారేస్తారు. అవి ఒకటి కావు. బొమ్మ ఒకటి, కార్డులు రెండు. వెనకవైపు తిప్పండి.

వెనకవైపు తిప్పితే ఏం తెలుస్తుందో ఒక్క ఉదాహరణ చూద్దాం. పెన్సిలు, కాగితం దగ్గరుంటే తీసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక బట్టల కొట్టు కార్డు అనుకోండి. పై అంచు చిరిగి సంవత్సరం పోయింది. నెలలు మాత్రం ఉన్నాయి. మొదట ఫిబ్రవరి చూడండి. 28 రోజులే, అంటే లీపు సంవత్సరం కాదు. తర్వాత జనవరి 1 ఏ వారమో చూడండి. ఆదివారం. క్యాలెండర్లన్నీ కలిపి పద్నాలుగు రకాలే. మామూలువి ఏడు, లీపువి ఏడు. లీపు క్యాలెండరు 28 ఏళ్లకోసారి తిరిగొస్తుంది, మామూలుది 6 ఏళ్లకో 11 ఏళ్లకో వస్తుంది. ఆదివారంతో మొదలయ్యే మామూలు సంవత్సరాలు ఇవి: 1961, 1967, 1978, 1989, 1995, 2006, 2017, 2023. మళ్లీ చెబుతున్నాను: 1961, 1967, 1978, 1989, 1995, 2006, 2017, 2023. కావాలంటే ఫోన్లో క్యాలెండరు వెనక్కి జరిపి సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు అడ్రసు చూడండి. ఆరంకెల పిన్‌కోడు ఉంది. పిన్‌కోడ్లు వచ్చింది 1972 ఆగస్టు 15న. కాబట్టి 1961, 1967 పోయాయి. ఆరు మిగిలాయి.

ఇక పండుగలు. గుడ్‌ఫ్రైడే ఎప్పుడుంది? 1978లోనూ 1989లోనూ అది మార్చి 24. 2023లో ఏప్రిల్ 7. మన కార్డులో ఏప్రిల్ 14 అని ఉంది. ఆ మూడూ పోయాయి. ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది పడేది ఇక్కడే. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి కూడా. ఆ తేదీ ఎర్రగా కనిపించగానే గుడ్‌ఫ్రైడే అనుకోకూడదు. కింద సన్నక్షరాల్లో సెలవుల పట్టిక ఉంటే చదవాలి. పట్టిక లేకపోతే మార్చి 24, ఏప్రిల్ 7 నల్లగానే ఉన్నాయా అని చూడాలి.

మిగిలినవి 1995, 2006, 2017. ఈ మూడింటిలోనూ గుడ్‌ఫ్రైడే ఏప్రిల్ 14నే! ఇక అది మనకు పనికిరాదు. అప్పుడు రంజాన్‌ను అడగాలి. చాంద్రమానం ప్రకారం అది ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది కదా. 1995లో రంజాన్ పండుగ మార్చి మొదట్లో వచ్చింది, 2006లో అక్టోబరు ఆఖర్న, 2017లో జూన్ ఆఖర్న. కార్డు ముందే అచ్చవుతుంది కాబట్టి నెలవంకతో ఒక రోజు తేడా ఉండొచ్చు, ఇక్కడ దానివల్ల పొరపాటు జరగదు. బక్రీద్‌ను చూసి రంజాన్ అనుకోకండి, అంతే. మన కార్డులో రంజాన్ మార్చిలో ఉంది. సంవత్సరం 1995. ఎక్కడైనా యువ నామ సంవత్సరం అని కూడా ఉంటే ఇంక సందేహమే లేదు. 2006 వ్యయ, 2017 హేవిళంబి.

తెలంగాణ కార్డయితే ఇంకో ఆనవాలు కూడా ఉంటుంది. జూన్ 2 రాష్ట్ర అవతరణ దినమని ఉందంటే 2014కు ముందుది కాదు.

ఇలా తేల్చిన సంవత్సరాన్ని జాబితాలో చతురస్ర బ్రాకెట్లో రాయండి. కార్డు మీద అచ్చయి ఉన్న సంవత్సరాన్ని బ్రాకెట్ లేకుండా రాయండి. గ్రంథాలయాల్లో పాటించే పద్ధతే ఇది. ఏది కార్డు చెప్పింది, ఏది మనం తేల్చింది అన్నది పదేళ్ల తర్వాత మనకే గుర్తుండదు.

ఇక కార్డుకిచ్చే నంబరు. దేవుళ్లకు ‘దే’, తారలకు ‘తా’ అని నంబర్లు పెట్టేవాళ్లున్నారు. కృష్ణుడి వేషంలో ఉన్న తారను ఎందులో పెడతారు? నా మాట వింటే, నంబరుకు ఏ అర్థమూ ఉండకూడదు. వచ్చిన వరసలో 1, 2, 3. సంవత్సరం, కొట్టు పేరు, ఊరు, బొమ్మ, భాష, మిల్లీమీటర్లలో కొలత, మూలలు గుండ్రమా చదరమా, అంచున డిజైను నంబరేమైనా ఉందా, చిరుగులూ మడతలూ, ఇవన్నీ పక్కన వేరువేరు గడుల్లో రాసుకోవాలి. బొమ్మకు మాత్రం ఇంకో గుర్తు ఇవ్వండి. తెనాలి లక్ష్మికీ కరీంనగర్ లక్ష్మికీ ఆ గుర్తు ఒకటే ఉంటుంది, కార్డు నంబర్లు వేరు. స్కానింగ్ రెండువైపులా చెయ్యాలి. ఫైలుకు 412-ము, 412-వె అని పేరు పెడితే ముందూ వెనకా కలిసిపోవు.

నంబరు కార్డు మీద రాయొద్దు, కవరు మీద రాయండి. నున్నటి కార్డు మీద బాల్‌పెన్ను రాత సరిగా ఆరదు, పక్క కార్డుకు అంటుకుంటుంది.

కవర్లంటే గుర్తొచ్చింది. మెత్తగా, ఘాటు వాసన వేసే పీవీసీ కవర్లు వద్దు. వాటిని మెత్తబరచడానికి కలిపిన పదార్థం మెల్లగా బయటికొచ్చి రంగును లాగేస్తుంది. కార్డు తీయబోతే స్వామివారి ముఖం కవరుకు అంటుకుని వస్తుంది. పాలీప్రొపిలిన్ కవర్లు అడిగి కొనండి. జిగురు పేజీల ఫొటో ఆల్బమ్, సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, మూడూ దూరం పెట్టండి. చిరిగిందని లామినేషన్ చేయిస్తే ఇక వెనక్కి తీసుకోలేం. కలరా ఉండలు కూడా కార్డుల పెట్టెలో వద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ వాటి ఆవిరికి జిగటగా మారుతుంది. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం వేసి, నెలకోసారి పెట్టె తెరిచి చూస్తే చాలు.

కొత్త కార్డులకు సంక్రాంతి దాటకముందే కొట్లకు వెళ్లండి. తర్వాత మిగిలిన కట్టలు తూకానికి పోతాయి. అడిగేటప్పుడు రెండు అడగండి, ఒకటి దాచడానికి, ఒకటి మార్పిడికి. ఇంటికి రాగానే తెచ్చిన తేదీ, ఇచ్చిన కొట్టు, ఊరు ఆ రోజే రాసెయ్యండి. కొన్ని కార్డుల మీద కొట్టు పేరు ఉంటుంది గానీ ఊరు ఉండదు. శ్రీ లక్ష్మీ క్లాత్ స్టోర్స్ లేని ఊరు మనకు ఎక్కడుంది చెప్పండి!

నమస్కారం.