ఒక్క ఓము

(ఒక హైస్కూలు విజ్ఞాన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేర్లు వరసగా చదవమని చీటీ ఇచ్చారు గానీ, అందులో పదకొండు పేర్లున్నాయండి, నలుగురు ఇంకా రానే లేదు. చీటీ జేబులో పెట్టేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఇవాళ ఫిబ్రవరి 28. 1928లో రామన్ గారు తన ఎఫెక్టు కనిపెట్టిన రోజు. ఆయన గురించే మాట్లాడదామని వచ్చాను. దారిలో కాలవగట్టు మీద ఒక పెద్దాయన మోటారుని మోపెడ్ వెనక కట్టుకుని పోతున్నాడు. "రీవైండింగేనా, కాలిన తీగ మళ్లీ చుట్టించడం ఎన్నోసారి బాబాయ్?" అన్నాను. "మూడోసారి మాస్టారూ" అన్నాడు. ఇంక రామన్ గారిని వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుందాం.

పిల్లలూ, వోల్టేజిని కరెంటుతో భాగిస్తే ఏమొస్తుంది? రెసిస్టెన్సు. రెండిటినీ గుణిస్తే? పవర్. చూశారా, నిద్రలో లేపి అడిగినా చెప్తారు. నేనూ చెప్పేవాణ్ణే. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన వాణ్ణి. అయినా మా ఇంటి మోటారు రెండుసార్లు కాలిపోయింది.

మా ఊరు కాలవకి శివారు. ఇక్కడ కూర్చున్న రైతులకి శివారంటే విడిగా చెప్పక్కర్లేదు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాడు, కాలవలు తవ్వించాడు, అంతా బాగానే ఉంది. కానీ మధ్యలో గుర్రపుడెక్క పట్టేస్తే శివారు చేనుకి నీరెక్కడిది? కరెంటూ అంతేనండి. ఎగువకీ దిగువకీ ఉన్న మట్టం తేడా వోల్టేజి. పారే నీరు కరెంటు. గుర్రపుడెక్క రెసిస్టెన్సు. ట్రాన్స్‌ఫార్మరుకి దూరంగా ఉన్న ఇల్లు శివారు చేను.

మాది ఒకటిన్నర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు, కొబ్బరితోటకి. మొదటిసారి కాలినప్పుడు మోటారుని తిట్టాను. రెండోసారి చుట్టినవాణ్ణి తిట్టాను. వైరు చెక్ చేయించాను కూడా. మెయిన్ ఆపి, మీటరు పెడితే 'కుయ్' మంది. వైరుకేం, భేషుగ్గా ఉందన్నారు. నేనూ తలూపాను. ఆ 'కుయ్' ఎంత మోసమో చూడండి. రెసిస్టెన్సు ఒక ఓము ఉన్నా, పది ఓములున్నా చాలా మీటర్లలో అది మోగుతుంది. దారి ఉందని చెప్తుంది గానీ ఎంత బాగుందో చెప్పదు.

ఆ రోజుల్లో మా అమ్మ రెండుసార్లు చెప్పింది. "ఒరే, మూడో చెట్టు కింద రబ్బరు కాలిన వాసనొస్తోందిరా" అని. "నీకన్నీ వాసనలేనే" అని కసిరాను. బీఎస్సీ ఫిజిక్సు చదివినవాణ్ణి కదా!

మూడోసారి కాలకముందే బుద్ధొచ్చింది. మోటారు తిరుగుతుండగా వైర్‌మేన్ చేత కొలిపించాను. స్తంభం దగ్గర 205 వోల్టులు, మోటారు దగ్గర 180. (స్తంభం దగ్గర రావలసిన 230 ఎందుకు లేదన్నది వేరే భాగవతం. అర్జీలు పెట్టీ పెట్టీ నా పెన్ను అరిగింది. ఇవాళొద్దు.) వైరు చుట్టూ క్లాంప్ మీటరు తగిలిస్తే 12 ఆంపియర్లు. మోటారు ప్లేటు మీదేమో పదే రాసుంది. వోల్టేజి తగ్గినా తోడాల్సిన నీటి బరువు తగ్గదు కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. మోటారు లోపలి తీగచుట్టలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పదికి వంద అయితే పన్నెండుకి 144.

తర్వాత మూడో చెట్టు కిందికెళ్లాం. రెండు వైర్లు మెలేసి టేపు చుట్టిన జాయింటు, నేను వేసిందే. టేపు గట్టిపడి, బెల్లప్పాకంలా కారి మళ్లీ బిగిసింది. మెలికకి అటో మీటరు కాడ, ఇటో కాడ పెట్టించాను. 12 వోల్టులు. 12ని 12తో భాగించండి. గట్టిగా! ఒక్క ఓము. గుణించండి. 144 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లుంటే సీసం కరుగుతుందే, అలాంటివి ఆరు దాకా నా బొటనవేలంత మెలికలో రాజుకుంటున్నాయి. మా అమ్మ ముక్కు నా డిగ్రీ కంటే ముందే కొలిచింది.

ఒక్క మాట. జాయింటుకి, ఇస్త్రీపెట్టెకి ఈ లెక్క సరిపోతుంది. మోటారుకి 180ని 12తో గుణించి 2160 వాట్లు అనేయకండి. అవి వోల్ట్ ఆంపియర్లు. అందులో నిజంగా పనికీ వేడికీ పోయే వాటా, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.8 ఉంటే వాట్లు 1728. భాగిస్తే వచ్చే 15 ఓములు కూడా చుట్ట తీగ రెసిస్టెన్సు కాదు.

ఇంకోటి. చెరువుల వాళ్లెవరైనా వచ్చారా? చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల వాళ్లు? చేతులెత్తండి. అబ్బో. తడిసిన ఒంటి రెసిస్టెన్సు వెయ్యి ఓములకి దిగిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియరు. అందులో పదోవంతు ఒంట్లో పారినా, పట్టుకున్న చెయ్యి వదలదు. 30 మిల్లీ ఆంపియర్లకి పడిపోయే లీకేజీ బ్రేకరు పెట్టించండి. నేను చెప్పిన కొలతలు మీరు చెయ్యొద్దు, పిల్లలు అసలే చెయ్యొద్దు. తెలిసినవాడి చేత చేయించండి, అంకెలు మాత్రం మీరు రాసుకోండి.

ఈ భాగించే సూత్రం చెప్పిన ఓమ్ గారు నాలాగే బడిపంతులు, జర్మనీలో కొలోన్ అనే ఊళ్లో. 1827లో పుస్తకం వేస్తే అక్కడ పెద్దగా పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఆయన మొదట బ్యాటరీలతో కొలిస్తే అంకెలు నిలకడగా రాలేదు. చివరికి రెండు లోహాల అతుకుల్లో ఒకటి మరిగే నీళ్లలో, ఒకటి మంచులో పెట్టి, నిలకడైన కరెంటు పుట్టించుకుని కొలిచాడు.

హెడ్మాస్టరుగారు గడియారం చూస్తున్నారు. అయిపోయిందండి. ఏమ్మా, నీలం రిబ్బన్ పాపా, ఇలా రా. ఇవి మా ఇంటి టార్చిలైటు సెల్స్, రెండు. బల్బు తగిలించకుండా ఎంత? 3 వోల్టులు. సరే, ఇప్పుడు బల్బు వెలిగించు. కరెంటు 0.3. మళ్లీ వోల్టేజి చదువు... 2.7? అనుమానంగా నా మొహం చూడకు, మీటరులో ఉన్నదే రాయి.

ఆ తగ్గిన 0.3 వోల్టుని 0.3 ఆంపియరుతో భాగించి చెప్పండి. ఈలోగా నేను మంచినీళ్లు తాగుతాను.