ఫోన్ నంబర్ ముందా, ప్రశ్న ముందా? వెబ్‌సైట్ పోల్స్, సర్వేలతో లీడ్లు తెచ్చుకోవడం

నమస్తే. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు తెరిచినప్పుడల్లా నన్ను చిరాకు పెట్టే విషయం ఒకటుంది, ఈ వీడియో దాని గురించే. పేజీ ఇంకా పూర్తిగా లోడ్ కాదు, మధ్యలోకి ఒక పాప్-అప్ వచ్చి పడుతుంది. పైన "మా సర్వేలో పాల్గొనండి" అని ఉంటుంది. కింద మొదటి గడిలో పేరు, రెండో గడిలో ఫోన్ నంబర్, మూడో గడిలో ఈమెయిల్. ఇవన్నీ నింపాక అప్పుడొస్తుంది అసలు ప్రశ్న: "మా గురించి మీకెలా తెలిసింది?"

ఇది సర్వే కాదండీ. నంబర్లు పోగేసే ఫారమ్. చూసినవాళ్లు చూసినట్టే మూసేస్తారు. నెల తర్వాత యజమాని "మన జనం దగ్గర పోల్స్, సర్వేలు పనిచేయవు" అని తేల్చేస్తాడు. పనిచేస్తాయి. చాలా బాగా పనిచేస్తాయి. అడిగే వరస తప్పింది, అడిగిన ప్రశ్న తప్పింది.

పోల్ అంటే ఒక ప్రశ్నకి ఓటు వేయించడం, సర్వే అంటే వరసగా కొన్ని ప్రశ్నలడగడం, లీడ్ అంటే మీ దగ్గర కొనే అవకాశమున్న మనిషి, అతని నంబర్. ఇక నేరుగా విషయంలోకి వెళ్లిపోతున్నా.

చీరల షాపులోకి వెళ్లారనుకోండి. కూర్చోగానే సేల్స్‌మాన్ ఏమడుగుతాడు? "ఎవరికమ్మా, మీకేనా? పెళ్లికా, రోజూ కట్టుకోడానికా? పట్టులో చూపించమంటారా? ఏ రేంజ్‌లో?" నాలుగు ప్రశ్నలు. నిజానికి ఇదీ సర్వేనే, కానీ ఎవరికీ విసుగు రాదు. ఎందుకంటే మీరు చెప్పే ఒక్కో జవాబుకీ మీ ముందు పరిచే చీరలు మారిపోతున్నాయి. "రోజువారీకి" అన్నారంటే పట్టు పక్కకెళ్లి కాటన్ వస్తుంది. జవాబు చెప్పినందుకు అక్కడికక్కడే ఫలితం కనిపిస్తోంది. మరి ఫోన్ నంబర్ ఎప్పుడడుగుతాడు? "ఆ రంగు వచ్చే వారం వస్తుందమ్మా, నంబర్ ఇచ్చి వెళ్లండి, ఫోన్ చేస్తాం" అన్నప్పుడు. అప్పుడు మీరే నంబర్ చెప్పి, సరిగ్గా రాసుకున్నాడో లేదో మళ్లీ చూసుకుని మరీ వస్తారు. అదే మనిషి షాపు గుమ్మంలో నిలబడి "ముందు నంబర్ చెప్పండి, తర్వాత లోపలికి రండి" అంటే? పక్క షాపుకి పోతారు. వెబ్‌సైట్‌లో పాప్-అప్ చేస్తున్నది సరిగ్గా ఆ పనే.

ఇప్పుడొక నిజమైన వ్యాపారం తీసుకుందాం. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే డీలర్. ఇంటి మీద సోలార్ పెట్టించుకుంటే కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైనప్పటి నుంచి ఊరూరా డీలర్లు వచ్చారు, వెబ్‌సైట్లూ వచ్చాయి. చాలా సైట్లలో కనిపించే పోల్ ఇలా ఉంటుంది: "సోలార్ విద్యుత్ పర్యావరణానికి మంచిదని మీరు భావిస్తున్నారా? అవును, కాదు." అందరూ అవుననే నొక్కుతారు. నొక్కినవాళ్లకి ఏం దొరికింది? ఏమీ లేదు. డీలర్‌కి ఏం తెలిసింది? అదీ లేదు. "ఓట్లు బాగా పడ్డాయి, లీడ్లు మాత్రం రాలేదు" అనే మాట ఇలాంటి పోల్స్ నుంచే పుడుతుంది. ఓటు వేసినవాడు కొనాలనుకుంటున్నాడో లేదో ఆ ప్రశ్న అసలు అడగనే లేదు కదా.

సోలార్ పెట్టించుకోవాలని ఆ సైట్‌కి వచ్చిన మనిషి మనసులో ఉండేది మూడే. మా ఇంటికి ఎన్ని కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి? సబ్సిడీ ఎంతొస్తుంది? నా చేతి నుంచి ఎంత పడుతుంది? పోల్ అక్కడి నుంచి మొదలవ్వాలి.

[స్క్రీన్ మీద: "మీ కరెంటు బిల్లులో నెలకి ఎన్ని యూనిట్లు వస్తున్నాయి? 150 లోపు / 150 నుంచి 300 / 300 పైన / తెలీదు"]

ఈ ఒక్క ప్రశ్న చూడండి. 150 యూనిట్ల లోపు వాడే ఇంటికి 1 నుంచి 2 కిలోవాట్లు, 150 నుంచి 300 వాడేవాళ్లకి 2 నుంచి 3 కిలోవాట్లు, ఆ పైన వాడితే 3 కిలోవాట్లకు మించి. ఇది పథకం చెప్పే లెక్కే. సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కి 18,000. మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా అంతే. అంటే "150 నుంచి 300" అనే ఒక్క బటన్ నొక్కగానే "మీకు రాగల సబ్సిడీ 60,000 నుంచి 78,000 మధ్య" అని చూపించొచ్చు. సేల్స్‌మాన్ మొదటి చీర పరిచేశాడన్నమాట.

"తెలీదు" అనే ఆప్షన్‌ని దయచేసి తీసేయకండి. మనలో చాలామందికి బిల్లు రూపాయల్లోనే గుర్తుంటుంది, యూనిట్లలో కాదు. తెలీదు అని నొక్కినవాళ్లకి కరెంటు బిల్లు ఫొటో చూపించి, యూనిట్లు ఎక్కడుంటాయో బాణం గుర్తు పెట్టండి. చాలా చిన్న పని. అది చూసి లోపలి నుంచి బిల్లు తెచ్చుకున్న మనిషికి ఈ విషయం మీద నిజంగా ఆసక్తి ఉందని మీకూ తెలిసిపోతుంది.

రెండో ప్రశ్న: ఇల్లు సొంతమా, అపార్ట్‌మెంటా, అద్దెదా? అపార్ట్‌మెంట్ అయితే దారి వేరు. అక్కడ అసోసియేషన్ తరఫున ఉమ్మడి అవసరాలకి పెట్టుకోవచ్చు, సబ్సిడీ కిలోవాట్‌కి 18,000. అంటే మాట్లాడాల్సింది ఒక్కరితో కాదు, అసోసియేషన్‌తో. అద్దె అంటే, ఓనర్‌ని అడగకుండా ఏదీ కుదరదని మర్యాదగా అక్కడే చెప్పేసి వదిలేయండి. వాళ్ల నంబర్ అడగొద్దు. పనికిరాని నంబర్ తీసుకుని పది ఫోన్లు చేయడం వల్ల ఇద్దరి టైమూ పోతుంది.

మూడోది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న: కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది? మన ఇళ్లలో మీటర్ ఇంకా నాన్నగారి పేరు మీదో తాతగారి పేరు మీదో ఉండటం మామూలే. సబ్సిడీ దరఖాస్తు ఆ కనెక్షన్ నంబర్ మీదే నడుస్తుంది కాబట్టి పేరు సంగతి ముందే తేల్చుకోవడం మంచిది. ఈ ప్రశ్న అడిగిన డీలర్ మీద నమ్మకం కలుగుతుంది, "వీళ్లకి పని తెలుసు" అనిపిస్తుంది. మంచి సర్వే ప్రశ్న చేసే పని అదే. జవాబు రాబడుతూనే, అడిగినవాడికి విషయం తెలుసని చూపిస్తుంది. నాలుగోది, డాబా మీద మధ్యాహ్నం నీడ పడుతుందా? వాటర్ ట్యాంకు, కొబ్బరి చెట్టు, పక్క బిల్డింగ్, ఏదైనా. అంతే, నాలుగు చాలు.

ఆ తర్వాత ఫలితం. "మీకు 3 కిలోవాట్లు సరిపోవచ్చు. రోజుకి సుమారు 12 యూనిట్లు వస్తాయి. డాబా మీద దాదాపు 300 చదరపు అడుగులు కావాలి. సబ్సిడీ 78,000. ఇది బిగింపు, తనిఖీ పూర్తయ్యాక మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది." ఇదంతా పూర్తిగా, దాచకుండా చూపించండి. ఇక్కడ చాలామంది మార్కెటింగ్ వాళ్లతో నాకు కుదరదు. ఫలితాన్ని మసకగా చూపించి, "నంబర్ ఇస్తేనే కనిపిస్తుంది" అంటారు. దాంతో నంబర్లు ఎక్కువే వస్తాయి, నిజమే. కానీ వాటిలో తప్పుడు నంబర్లుంటాయి, ఇచ్చిన క్షణం నుంచే మీ మీద కోపం పెట్టుకున్నవాళ్లుంటారు. నాలుగు చీరలు చూపించి, రేటు చెప్పమంటే "ముందు నంబర్" అన్నట్టే కదా! ఫలితం ఇచ్చేసి, దాని కింద ఇలా అడగండి: "ఇది అంచనా మాత్రమే. మీ డాబా కొలతలు చూసి ఖచ్చితమైన లెక్క, మీ చేతి నుంచి పడే మొత్తం చెప్పాలంటే మా మనిషి రావాలి. ఏ నంబర్‌కి ఫోన్ చేయమంటారు?" ఇప్పుడు నంబర్ ఎందుకివ్వాలో అవతలి మనిషికి తెలుసు.

చిన్న ప్రశ్నలు ముందు, పెద్దది చివర అనే ఈ వరసకి పాత పరిశోధన ఒకటుంది. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో ఇళ్లకు వెళ్లి, ఇంటి ముందు "జాగ్రత్తగా నడపండి" అని పెద్ద వికారమైన బోర్డు పెట్టుకుంటారా అని అడిగించారు. నేరుగా అడిగితే 17 శాతం మంది ఒప్పుకున్నారు. అంతకుముందు అదే విషయం మీద 3 అంగుళాల చిన్న గుర్తు పెట్టుకోవడానికి సరే అన్నవాళ్లలో 76 శాతం మంది ఒప్పుకున్నారు. దీన్ని జనాన్ని బుట్టలో వేసే కిటుకుగా చెప్పేవాళ్లున్నారు, అది నాకు నచ్చదు. ఆ చిన్న అడుగులో అవతలివాళ్లకి లాభం ఉండాలి. మన సోలార్ ప్రశ్నల్లో ఉంది.

ఇంకో జాగ్రత్త. పోల్ ఫలితాలు చూసి "మా ఊళ్లో ఇంతమందికి సోలార్ కావాలి" అని ప్రకటించకండి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు, ఎవరు గెలుస్తారో తెలుసుకోవడానికి లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన ల్యాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. జవాబిచ్చినవాళ్లు దేశమంతటికీ నమూనా కాదు. మీ సైట్‌కి వచ్చి బటన్ నొక్కినవాళ్లు కూడా ఊరంతటికీ నమూనా కాదు. లీడ్ల కోసం పెట్టిన పోల్‌ని మార్కెట్ సర్వేగా వాడకూడదు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

అనుమతి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, 2025 నవంబరులో నియమాలు నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తోంది. డేటా భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. నంబర్ దేనికి వాడతారో ఒక్క వాక్యంలో రాయండి. ముందే టిక్ పెట్టిన బాక్స్ వద్దు, టిక్ వాళ్లే పెట్టాలి. ఆ వాక్యం తెలుగులో ఉండాలి. ప్రశ్నలూ తెలుగులోనే.

ఫోన్‌లో బాగా కనిపించాలి. స్క్రీన్‌కి ఒక్క ప్రశ్న, టైప్ చేయించకుండా బటన్లు.

జవాబుల్ని బట్టి వరస పెట్టుకోండి. సొంత ఇల్లు, 300 యూనిట్ల పైన, నీడ లేదు అంటే వాళ్లకే మొదటి ఫోన్. అదీ వెంటనే. అమెరికా కంపెనీల మీద చేసిన ఒక పరిశీలన 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చింది. గంటలోపు స్పందించినవాళ్లకి, ఇంకో గంట ఆలస్యం చేసినవాళ్లకంటే కొనే కస్టమర్‌తో అసలు మాటలు కుదిరే అవకాశం దాదాపు 7 రెట్లు ఎక్కువట. ఫోన్ చేసినప్పుడు "మీకు సోలార్ కావాలా సార్" అని మొదలుపెట్టకండి. "మీకు నెలకి 300 పైన యూనిట్లు వస్తున్నాయన్నారు, మీటర్ మీ నాన్నగారి పేరు మీద ఉందన్నారు" అని మొదలుపెట్టండి. ఫోన్ చేసే అబ్బాయి ముందు ఆ నాలుగు జవాబులూ ఉండాలి. చాలా ఆఫీసుల్లో సర్వే ఒక షీట్‌లో, ఫోన్ నంబర్లు ఇంకో షీట్‌లో ఉంటాయి. అక్కడే పనంతా వృథా అవుతోంది.

టూల్స్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు. గూగుల్ ఫామ్స్‌లో జవాబుని బట్టి వేరే సెక్షన్‌కి పంపే సెట్టింగ్ ఉంది. యూనిట్ల రేంజ్‌లు మూడింటికీ మూడు సెక్షన్లు పెట్టి, ఒక్కోదాంట్లో కిలోవాట్లు, సబ్సిడీ, కావలసిన స్థలం ముందే రాసి ఉంచండి. లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఆ లింకుని పాప్-అప్‌లో పెట్టకుండా, ధరల పేజీలో, సబ్సిడీ గురించి రాసిన పేరా కింద పెట్టండి. సోలార్ గురించి నిజంగా ఆలోచిస్తున్న మనిషి ఎక్కువసేపు చదివేది ఆ పేజీనే.