ఎసరు పెట్టే ముందు పిడికెడు

ప్రభువు నామమున మీకందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, పొద్దుటి నుంచి గుమ్మడికాయలూ అరటి గెలలూ మోసి మోసి అలిసిపోయిన యవ్వనస్థులకు, కోత పండుగ నాడు నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన స్త్రీల సమాజానికి నా కృతజ్ఞతలు.

నాకిచ్చిన అంశం తలాంతుల ఉపమానం. రాసుకునే వచ్చాను. కానీ ఇందాక వేలం పాట జరుగుతుంటే మంచినీళ్ల కోసం పక్క గదిలోకి వెళ్లాను. అక్కడ మూలన మన పిడికెడు బియ్యం కుండ బోర్లించి ఉంది. దాని మీద మైకు పెట్టె పెట్టారు. అది చూశాక రాసుకున్న కాగితం చదవబుద్ధి కావడం లేదు. క్షమించండి, ఆ కుండ గురించే మాట్లాడతాను.

ఇక్కడున్న చిన్నపిల్లలకు తెలియకపోవచ్చు. మా అమ్మ రోజూ బియ్యం కొలుచుకుని, ఎసట్లో పోసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేసేది. వేసేటప్పుడు పెదాలు కదిలేవి. ఏం ప్రార్థన చేసేదో ఎప్పుడూ చెప్పలేదు. ఆదివారం ఆ ముంత గుడికి వెళ్లేది. ఇంటింటి బియ్యం ఒకే కుండలో పడేవి. మసూరి, దొడ్డు బియ్యం, చౌక దుకాణం బియ్యం, నూకలు. ఎవరివి ఏవో ఎవరికీ తెలిసేది కాదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. నేను ఎనిమిదో తరగతి. మాది దివిసీమకు ఎగువన కృష్ణ కరకట్ట పక్క ఊరు. సముద్రం మా దాకా రాలేదు గానీ గాలి వచ్చింది. పాక గుడి కప్పు లేచిపోయింది. తెల్లవారి ఆదివారం ఆరాధన లేదు. ఆ తర్వాత కరకట్ట మీద దివి వైపు నుంచి మనుషులు రావడం మొదలైంది. సొర్లగొంది అన్నారు, పాలకాయతిప్ప అన్నారు. కొందరు ఊరి పేరు కూడా చెప్పలేకపోయారు. ఆ రాత్రి వేలమంది పోయారని తర్వాత తెలిసింది. ఆ పూట మాకు తెలిసింది ఒక్కటే, గుమ్మం ముందు ఆకలితో మనుషులున్నారు.

అప్పుడు మా అయ్యగారి భార్య, మేం అమ్మగారు అని పిలిచేవాళ్లం, ఎవరినీ అడగలేదు. కమిటీ కూర్చోలేదు. కుండలో ఎన్ని వారాల బియ్యం ఉన్నాయో అన్నీ తీసి కడిగారు. పొయ్యిలోకి కట్టెలు లేవు. కూలిన గుడి వాసాలు విరిచి పెట్టారు. అవి తడివి, ఒకటే పొగ. మా అమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ కళ్లు తుడుచుకుంటూ ఊదారు. రకరకాల బియ్యం కదా, కొన్ని మెతుకులు చిమిడిపోయాయి, కొన్ని పలుకుగా ఉన్నాయి. ఆ అన్నంలో ఉప్పు వేసి, గంజితో సహా తాటాకు దొన్నెల్లో పోసి ఇచ్చారు. ఒకావిడ దొన్నె పట్టుకుని చాలాసేపు తినలేదు. మా అమ్మ పక్కన కూర్చుని ముద్ద చేసి నోట్లో పెట్టింది. మా అమ్మ కూలి మనిషి. ఆ రోజు ఆమె మా ఇంటి బియ్యంతో ఇంకొకరి కడుపు నింపింది. అంత నిటారుగా నడిచి ఇంటికి రావడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ కుండనే తీసేశారు. పురుగు పడుతోందని, ఎలుకలు చేరుతున్నాయని, డబ్బయితే లెక్క సులువని. కానుక కవర్లు పంచారు, కవరు మీద పేరు. పేర్లు మైకులో చదువుతున్నారు. నేను ఎవరినీ నిందించడం లేదు. అయితే అడగక తప్పదు: ఆ రోజు నూకలు తెచ్చిన మా అమ్మలాంటిది ఇవాళ ఈ కవరులో ఏం పెట్టాలి? పెట్టలేక వెనక వరసలో కూర్చుంటోంది. ఇచ్చేవాళ్లలో ఉండాల్సిన మనిషిని పుచ్చుకునేవాళ్లలోకి మనమే తోశాం.

పరిచర్య అంటే ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట, ప్రాజెక్టు రావాలి, నిధులు రావాలి. ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లవ్ దొరగారి పేరు మనమందరం చెప్పుకుంటాం. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం అని పాటలా చెబుతాం. దాని ముందు కథ ఎవరూ చెప్పరు. 1876-78 ధాత కరువులో జనం రాలిపోతుంటే, ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎందుకు తీసుకోగలిగాడు? పాదిరి కాకముందు ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. చేతిలో ఆ విద్య ఉంది. బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది పలుగూ పారా పట్టి కూలి తీసుకుని బతికారు. కూటికోసం వస్తున్నారన్న మాట రాకూడదని, కరువు పని సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. నాకు ఆ 2,222 కన్నా ఆ కొలత గొలుసే పెద్దదిగా కనిపిస్తుంది.

మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘం 1910 నుంచి పిడికెడు బియ్యం తీస్తూనే ఉంది. వంట చేసే ప్రతి పూటా. ఆ బియ్యం అమ్మిన డబ్బు ఏటా కోట్లకు చేరుతుంది, దానితో సువార్తికులను పంపుతున్నారు. వాళ్లకు ఎలుకలు లేవా అమ్మా?

ఎలీషా దగ్గరికి అప్పులపాలైన విధవరాలు వచ్చినప్పుడు ఆయన అడిగిందేమిటి? నీ ఇంట్లో ఏముంది, అని. కొంచెం నూనె ఉందంది. ఆ నూనె గురించి బోలెడు ప్రసంగాలు విన్నాను. ఇరుగుపొరుగు సంగతి ఎవరూ ఎత్తరు. వాళ్లు ఇచ్చింది వట్టి పాత్రలు. నూనె లేనివాళ్లకు కూడా ఇవ్వడానికి గిన్నె ఉంది. మీ ఇంట్లో అరుగు ఖాళీగా ఉందా? సాయంత్రం నలుగురు పిల్లలు కూర్చుని చదువుకుంటారు. మీ మనవడికి ఫోనులో దరఖాస్తులు పెట్టడం వచ్చా? పెన్షన్ కోసం తిరుగుతున్న ముసలివాళ్లు మన వీధిలోనే ఉన్నారు. నేను నర్సుగా చేసి రిటైరయ్యాను, నా దగ్గర బీపీ చూసే మిషను ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో కూర్చుంటున్నాను. మొన్న మన పాలమ్మే అన్నకు రెండువందలు దాటి ఉంది. ఆయన మన గుడివాడు కాదు, గేటు దగ్గర పాల క్యాన్ దించి ఊరికే చూస్తూ నిలబడ్డాడు, నేనే పిలిచాను. ఆ పూటే ఆసుపత్రికి పంపాం.

సమయమైందని అయ్యగారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం, అయ్యగారూ.

అక్కల్లారా, చెల్లెళ్లారా, ఇవాళ రాత్రి ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు తీయండి. నూకలైనా సరే. ముంత లేకపోతే గ్లాసులో వేయండి. ఎండబెట్టిన వేపాకు నాలుగు రెబ్బలు వేస్తే పురుగు అంత త్వరగా పట్టదు, ఎలుకల కోసం నేను మూతున్న రేకు డబ్బా తెచ్చాను, బయట ఆటోలో ఉంది. పెద్దలు అనుమతిస్తే ఆ పాత కుండ మీది మైకు పెట్టె దించి, ఆ కుండనూ ఈ డబ్బానూ కడిగి వచ్చే ఆదివారానికి సిద్ధం చేస్తాను. అమ్మగారూ, వాటిని బల్ల పక్కన పెట్టమంటారా, గుమ్మం దగ్గరా?