ఎర్న్ లోయలో రాజుగారి మీసం

సుధ: అందరికీ నమస్కారం. ఈ వారం స్కాట్లండ్, ఎర్న్ నది లోయ, అక్కడి పాత రాతి శిలువలు. మూర్తి నోట్సు రాసుకొచ్చాడు, భయపడకండి.

మూర్తి: రెండు పేజీలే అక్కా. గంట కొట్టకు.

సుధ: ఆ గంట నీ కోసమే కొన్నది. కానివ్వు.

మూర్తి: ఫోర్టెవియట్ అని చిన్న ఊరు. ఇప్పుడు వెళ్తే ఏమీ ఉండదు, ఒకప్పుడు మాత్రం పిక్టులని, పాతకాలపు స్కాట్లండ్ జనం, వాళ్ల రాజుల నివాసం. కెన్నెత్ మకాల్పిన్ అనే రాజు 858లో పోయింది అక్కడే. నదికి అవతల గట్టు మీద, ఊరికి ఎదురుగా డప్లిన్ శిలువ నిలబెట్టారు. పిక్టులు ఎక్కువగా రాతిపలక మీద శిలువ చెక్కేవాళ్లు. ఇది అలా కాదు, రాయినే శిలువగా మలిచారు. ఒకచోట బైబిల్‌లోని దావీదు హార్ప్ వాయిస్తుంటాడు. ఇంకోచోట గుర్రం మీద రాజు, మీసంతో!

సుధ: వచ్చేసింది మీసం.

మూర్తి: కింద ఈటెలు పట్టిన సైనికులు. పైన ఈయన దర్జా చూడు!

సుధ: అసలు విషయం పేరు కదా. ఖాళీ అనుకున్న ఒక గడిలో అరిగిపోయిన అక్షరాలున్నాయి. 1990లలో చదివితే తేలింది: ఫెర్గుస్ కొడుకు కాన్‌స్టంటీన్. 789 నుంచి 820 దాకా ఏలిన పిక్ట్ రాజు. ఇంకా వందేళ్లు వానలో ఉంటే ఆ పేరే దక్కేది కాదు. 1998లో లోపలికి తెచ్చి మంచి పని చేశారు.

మూర్తి: ఏం మంచి పని? తన ఊరికి కనబడాలనే కదా ఆయన గట్టు మీద పెట్టించింది. గోడల మధ్య ఎవరికి కనబడాలి?

సుధ: ఇసుకరాయిరా అది. నీళ్లు పీలుస్తుంది, చలికి ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి, పైపొర పెచ్చులూడుతుంది. ముందు పోయేది నీ మీసమే.

మూర్తి: ...అది అన్యాయం. సరే, అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నా నీకు పర్లేదా మరి?

సుధ: దాన్ని తీసుకురాకు.

మూర్తి: తెస్తా. 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియట్ కూడా స్కాట్లండ్ వాడే.

సుధ: తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి ఎండకీ వానకీ బయటే పడేశారు. తర్వాత 1859లో ఓడెక్కించారు. కాపాడటం అంటారా దాన్ని? డప్లిన్ శిలువ కొన్నాళ్లు ఎడిన్‌బరా మ్యూజియంలో ఉన్నా, 2002లో డనింగ్‌కి తెచ్చారు. సెయింట్ సెర్ఫ్ చర్చిలో ఉంది, అదే లోయలో. ఆ ఊరివాళ్లు నడిచెళ్లి చూడొచ్చు. మన గుంటూరు పిల్లలు లండన్ నడిచి వెళ్తారా?

మూర్తి: కోపం ఎందుకు...

సుధ: కోపం కాదు. కోపమే. తర్వాతది చెప్పు.

మూర్తి: ఇన్వర్‌మే శిలువ. పగిలిపోయింది, ముక్కలే మిగిలాయి.

సుధ: అంతేనా?

మూర్తి: అందులో మీసం లేదు. కానీ ఫోర్టెవియట్ రాతి తోరణం ఉందే, అందులో మీసాలాయన పెద్ద కర్ర పట్టుకుని...

సుధ: అది మాత్రం ఎడిన్‌బరాలోనే ఉండిపోయింది.

మూర్తి: చూశావా! మరి అది పర్లేదా?

సుధ: దాని సంగతి వేరు.

మూర్తి: ఎలా వేరు?

సుధ: ఎలా అంటే... మైక్ ఆపు. అన్నం తిన్నాక తిడతా.